జాగ్రత్త: రెండు పెట్టెల్లోనూ ఉలి ఒకే చోట జారింది

"పూర్తిగా చేత్తో చెక్కినది, ఇలాంటిది ఇంకొకటి ఉండదు" అన్న మాట చూసి నగిషీ పెట్టెలు కొనబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

మా అమ్మమ్మ వాడిన చిన్న చెక్క పెట్టె ఒకటి ఉంది. మూత మీద పూలతీగ. ఒక ఆకు దగ్గర ఉలి జారి సన్నని గీత పడింది. చేసినాయన దాన్ని దాచలేదు, పక్కనే ఇంకో బుల్లి ఆకు చెక్కి సర్దేశాడు. చిన్నప్పుడు నా వేలు ఎప్పుడూ ఆ గీత మీదే తిరిగేది. మూత తీసే చోట బొటనవేళ్లు ఆని ఆని చెక్క నున్నగా అరిగిపోయింది. ఆ పెట్టె ఇప్పుడు అక్క దగ్గరుంది. అలాంటిదే నాకొకటి, నా స్నేహితురాలికొకటి కావాలని ఆన్‌లైన్‌లో రెండు ఆర్డర్ పెట్టాను. ఫొటోలో ఆకు మీద ఉలి గీత కనిపించింది. నేను పడిపోయింది అక్కడే.

పార్సిల్‌లో ఒక మందపాటి కార్డు, అందులో చెక్కుతున్న చేతుల ఫొటో, ఆ కష్టం గురించి చక్కటి కథ. చదివి కళ్లు చెమర్చాయి కూడా, ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. తర్వాత రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టాను. మూడో ఆకు మీద ఉలి జారిన గీత. రెండింటి మీదా. అదే పొడవు, అదే వంకర. చెక్కలోని ముడి కూడా రెండింట్లో ఒకే చోట!

తిరగేస్తే బండారం బయటపడింది. అడుగున సూదిమొనంత బుడగల గుంటలు, అంచు వెంట అచ్చు కలిసిన సన్నని గీత. చెక్క కాదు, రెసిన్ పోత, అంటే అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటిది. ఎవరో నిజంగానే చేత్తో చెక్కిన పెట్టె మీద సిలికోన్ అచ్చు తీశారన్నమాట. సిలికోన్ చెక్క చారల్నీ, ఉలి గాట్లనీ, ఆఖరికి వేలిముద్రల్నీ పట్టేస్తుంది. అంటే ఎవరి చెయ్యో ఒకసారి నిజంగానే జారింది. ఆ జారడాన్ని కాపీ కొట్టి అమ్ముతున్నారు. డబ్బు పోయినదానికన్నా నాకు ఇదే ఎక్కువ మంటగా ఉంది.

అమ్మినవాళ్లను నిలదీస్తే "రంగు చేత్తోనే వేశామండీ" అన్నారు. మరి రిటర్న్? "చేతిపని వస్తువులకు ఉండదండీ." చెక్కేటప్పుడు లేని చెయ్యి, డబ్బు వాపసు దగ్గరికొచ్చేసరికి మొలిచింది. పార్సిల్ విప్పేటప్పుడు నేను వీడియో తీయలేదు, అది నా తప్పు.

మీరైనా కొనేముందు అడుగు భాగం, లోపలి మూలలు, అంచుల ఫొటోలు అడగండి. పైభాగం ఎవరైనా అందంగానే చూపిస్తారు. వీలైతే అదే డిజైన్‌వి రెండు పక్కపక్కన పెట్టి తీయమనండి. "చేత్తో ఫినిషింగ్" అని రాసుంటే తయారీ చేత్తో జరిగిందని కాదు. మెషీన్‌తో చెక్కితే, గుండ్రంగా తిరిగే బిట్ (కోసే మొన) వల్ల లోపలి మూలలు కాస్త గుండ్రంగా మిగిలిపోతాయి. ఉలి అయితే మూలలోకి పదునుగా దిగుతుంది. మెషీన్ పనని చెప్పి అమ్మితే నాకేం అభ్యంతరం లేదు. చెక్కో రెసినో తేల్చుకోడానికి కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తారు, ఆ పని మాత్రం చేయకండి. మచ్చ పడితే వాపసు ఆశ కూడా పోతుంది.

ఇంకో మాట. ఈ తీగ, మూడో ఆకు మీద గీత ఉన్న అసలు పెట్టెను చెక్కిందెవరో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నేను కొనాల్సింది వాళ్ల దగ్గర.