వేటకుక్కల కిడ్నీలకు రిఫ్రాక్టోమీటర్: చాలాకాలం వాడాక

పాయింటర్ జాతి వేటకుక్కలున్న ఇంట్లో జీపీఎస్ కాలర్ కంటే ముందు ఉండాల్సింది రిఫ్రాక్టోమీటరే అంటాను, అంటే మూత్రం ఎంత చిక్కగా ఉందో చూపే చిన్న పరికరం. కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగేసరికి కిడ్నీల పనిలో సుమారు 75 శాతం పోయి ఉంటుంది. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి అంతకుముందే, మూడింట రెండొంతులు పోయేసరికే తగ్గుతుంది. దాన్ని పెరట్లోనే పట్టిచ్చే పరికరం ఇది.

తెల్లారగానే, కుక్క నీళ్లు ముట్టకముందే, పొడుగు కాడ గరిటెతో మధ్య ధార పట్టాలి. గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత దించి, వెలుతురుకేసి చూడాలి. లోపల స్కేలు మీద కనిపించే గీతే మూత్రం సాంద్రత, ఉత్త నీళ్లకి అది 1.000. గీత 1.030 పైన ఉంటే చాలావరకు నిశ్చింత. వరసగా 1.008–1.012 మధ్యే వస్తుంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. ఒక్క పూట తగ్గితే కంగారు వద్దు, రాత్రి బాగా తాగిన కుక్కకి పల్చగానే వస్తుంది.

విసిగించింది మాత్రం ఎండ. దక్షిణ టెక్సాస్‌లో కౌజు పిట్టల సీజన్ మొదట్లో ట్రక్కు లోపల కొలిమిలా ఉంటుంది. ఉష్ణోగ్రతను దానంతటదే సర్దుకుంటుందని డబ్బా మీద రాసి ఉంది గానీ, ఆ సర్దుబాటు 10 నుంచి 30 డిగ్రీల వరకే. డాష్‌బోర్డులో మగ్గిన పరికరంలో డిస్టిల్డ్ వాటర్ వేస్తే గీత 1.000 కంటే కిందికి జారిపోయింది. వేడికి రీడింగ్ తగ్గుతుంది కాబట్టి 1.030 ఉన్న కుక్క 1.025 దగ్గర కనిపించి, లేని జబ్బు ఉన్నట్టు భయపెడుతుంది. పరికరాన్నీ మూత్రాన్నీ నీడలో చల్లారనిచ్చి, డిస్టిల్డ్ వాటర్‌తో మర తిప్పి గీతని 1.000కి తెచ్చాకే చూడాలి. గాజు మీద ఎండిన మూత్రపు పొర ఉన్నా లెక్క తప్పుతుంది, వాడిన వెంటనే కడగాలి.

ఇదొక్కటే కాపాడదు. రోజంతా పరిగెత్తిన కుక్క మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే కండరాలు చితికి వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కిడ్నీల్లోకి దిగుతోందేమో. అప్పుడు రీడింగ్ చూస్తూ కూర్చోకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూత్రంలో ముంచే పరీక్ష స్ట్రిప్ మీద రక్తం గడి రంగు అప్పుడు మారుతుంది, కానీ అదే స్ట్రిప్ చూపే సాంద్రతని, తెల్లకణాలని కుక్కల విషయంలో నమ్మను. నీరసించి ఒళ్లు ఎండిపోయిన కుక్కకి నొప్పులని కార్‌ప్రొఫెన్ అనే నొప్పి మాత్ర వేయొద్దు. రక్తప్రసరణ తగ్గిన కిడ్నీని అది ఇంకా దెబ్బతీస్తుంది. కుంటల్లో తాగే కుక్కలకు ఏటా లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే అంటువ్యాధి) టీకా, దాంతోపాటు కిడ్నీల పని తెలిపే ఎస్‌డీఎంఏ రక్తపరీక్ష, మూత్రంలో ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష తప్పనిసరి. ఆ నిష్పత్తి పదేపదే 0.5 దాటితే గీత 1.040 చూపించినా తేలిగ్గా తీసుకోకూడదు.

నాలుగైదు కుక్కలుండి ఆసుపత్రి దూరమైనవాళ్లకి పెట్టిన డబ్బు వసూలే. ఒకే కుక్క, పక్కనే క్లినిక్ అయితే అంత అవసరం ఉండకపోవచ్చు. కొంటే కుక్కల స్కేలు విడిగా ఉన్నదే చూడండి. మనుషులకు చేసినవి చాలావరకు 1.050 దగ్గర ఆగిపోతాయి, ఆరోగ్యంగా ఉన్న వేటకుక్క అంతకు పైనే చూపించొచ్చు.