అమోనియా కార్డు: రెండో ఎండాకాలం కూడా వాడాక

చేపల ట్యాంకు అద్దానికి లోపలివైపు అంటించే, నీళ్ళలో అమోనియాని బట్టి రంగు మారే సీకెమ్ కంపెనీ అమోనియా అలర్ట్ కార్డును చాలామంది దండగ అంటారు. చుక్కల టెస్ట్ కిట్ ఉండగా ఈ రంగు బిళ్ళ ఎందుకని అడుగుతారు. నేను ఒప్పుకోను. విజయవాడ ఎండల్లో ఉప్పునీటి ట్యాంకు సైకిల్ చేసేవాళ్ళకి, అంటే చేపలు వేసేముందు అమోనియాని తినే బ్యాక్టీరియాని పెంచేవాళ్ళకి, కిట్ చూపించని ఒక సంగతిని ఇది చూపిస్తుంది. ఆ ఒక్క గుణానికే నేను దీన్ని వదల్లేదు.

మాది సత్యనారాయణపురంలో పై అంతస్తు, నెత్తిన డాబా. ట్యాంకు సిద్ధం చేసింది మే నెలలో. చేపలు లేకుండా, అమ్మోనియం క్లోరైడ్ కలిపి మొత్తం అమోనియాని 2 పీపీఎం దగ్గర పెట్టాను. పొద్దున కార్డు లేత ఆకుపచ్చలో ఉంది, కిట్ 2 చూపించింది. అంతవరకూ అనుకున్నట్టే ఉంది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద పంపులు నడిచాయి గానీ ఏసీ ఆగిపోయింది. సాయంత్రానికి నీళ్ళు 31 డిగ్రీలకు చేరాయి. కార్డు చూస్తే రంగు బాగా ముదిరి, దాని మీది అలారం గుర్తు రంగు దగ్గరికి వెళ్ళిపోయింది. కిట్‌తో చూస్తే మళ్ళీ అదే 2. ట్యూబ్‌లైట్ కింద కిట్ ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియదని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. అక్కడా 2. టెన్షన్ మొదలైంది. రెండింట్లో ఏది నిజం? లైవ్ రాక్ (సూక్ష్మజీవులుండే సముద్రపు రాయి) మీద ఏదైనా చచ్చి కుళ్ళుతోందా అని టార్చి వేసి వెతికాను. ఏమీ కనిపించలేదు.

నాగాయలంక దగ్గర వనామీ రొయ్యల చెరువులు చేసే మా బావకి ఫోన్ చేశాను. విషయం సగం చెప్పగానే అందుకున్నాడు. "అమోనియా పెరగలేదు బావా, దాని విషం పెరిగింది. ఎండెక్కాక పీహెచ్ లేస్తే మా చెరువుల్లోనూ ఇదే గొడవ. పొద్దున నీళ్ళు చూసి బాగుందనుకుంటాం, మధ్యాహ్నానికి రొయ్య మేత ముట్టదు."

అప్పుడు అర్థమైంది, రెండూ నిజమే. నీళ్ళలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియంగా ఉన్న భాగం చేపకి పెద్దగా హాని చేయదు. మొప్పల్ని కాల్చేది ఫ్రీ అమోనియా. పీహెచ్ గానీ వేడి గానీ పెరిగితే మొత్తంలో దీని వాటా పెరుగుతుంది. చుక్కల కిట్ రెండింటినీ కలిపి చూపిస్తుంది, కార్డు విషాన్ని మాత్రమే చూస్తుంది. పీహెచ్ 8.2 ఉన్న సముద్రపు నీళ్ళలో 25 డిగ్రీల దగ్గర మొత్తంలో వందకి సుమారు ఏడు పాళ్ళు విషరూపంలో ఉంటాయి. 31 డిగ్రీలకి అది పది పాళ్ళ దాకా వెళుతుంది. అంటే 2 పీపీఎంలో విషం 0.14 నుంచి 0.2కి ఎక్కుతుంది. కార్డు మీద అలారం గుర్తు ఉన్నది కూడా 0.2 దగ్గరే. చిన్న బిళ్ళ ఇంత కచ్చితంగా చెప్పేసరికి నాకు చాలా ఆనందం వేసింది.

బావ అమోనియాని పట్టుకునే జియోలైట్ అనే ఖనిజం కూడా చల్లమన్నాడు. మన ఉప్పదనంలో అది సరిగా పనిచేయదు, నీళ్ళలో ఉన్న సోడియమే దాని చోటంతా ఆక్రమిస్తుంది. ఆ మాట అంటే, "మా చెరువుల్లో ఉప్పు అంత ఉండదులే" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. "సైకిల్ కోసం రెండు డామ్సెల్స్ వేసేయండి, గట్టి చేపలు, తట్టుకుంటాయి" అని నాకు ఒక షాపులో సలహా ఇచ్చారు. ఆ సాయంత్రం ట్యాంకులో ఆ చేపలే ఉండి ఉంటే, కిట్ మారకుండా 2 చూపిస్తూ ఉండేది, వాటి మొప్పలు కాలుతూ ఉండేవి. బతికి బయటపడడాన్ని తట్టుకోవడం అనకూడదు. మన ఊరి వేడిలో ఇలాంటి సలహా ఇవ్వడం అన్యాయం.

ఇంతా చెప్పి, సైకిల్ అయిందో లేదో తేల్చడానికి కార్డు ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. మొత్తం అమోనియా 0.25కి పడితే విషం 0.02 దగ్గరికి వచ్చేస్తుంది, కార్డు పసుపు రంగుకి తిరిగి హాయిగా కనిపిస్తుంది. అప్పటికి అమోనియా నుంచి బ్యాక్టీరియా తయారుచేసే నైట్రైట్ ఇంకా ఎక్కువగానే ఉండవచ్చు, దాన్ని కార్డు అసలు చూడదు. 2 పీపీఎం కలిపిన మర్నాటికి అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితేనే నేను చేపల మాట ఎత్తుతాను. ఆ లెక్కకి చుక్కల కిట్టే దిక్కు. ఇంకొకటి, కార్డు త్వరగా ఎక్కుతుంది, దిగడానికి గంటలు పడుతుంది. నీళ్ళు మార్చిన వెంటనే ఇంకా ఆకుపచ్చగానే ఉందని కంగారుపడి మందు మీద మందు పోయకూడదు.

అమోనియాని హాని చేయకుండా కట్టేసే కండిషనర్ అనే మందు వాడినప్పుడు మాత్రం మళ్ళీ కార్డే మేలు. కిట్ కట్టేసిన అమోనియాని కూడా కలిపి చూపిస్తుంది కాబట్టి మందు పనిచేయలేదేమో అనిపిస్తుంది. పోయిన నెల రాయి వెనక ఒక టర్బో నత్త చచ్చిపోయిందని ముందు పట్టించింది కూడా కార్డే. క్లౌన్ చేపల జంట దక్కింది.

బెంగళూరులో మా తమ్ముడి ట్యాంకుకి నీళ్ళని చల్లబరిచే చిల్లర్ ఉంది, ఏడాది పొడుగునా 25 దగ్గరే ఉంటుంది. అతను కొనాలా అని అడిగితే వద్దన్నాను. గదిలో ఏసీ ఆగకుండా నడిచేవాళ్ళకి కూడా అవసరం తక్కువే. మా ఇంటిలా డాబా కింద, కరెంటు మీద నమ్మకం లేనిచోట మొదటిసారి ఉప్పునీళ్ళు పెడుతుంటే కిట్‌తో పాటు ఇదీ కొనమంటాను. ఏడాదికో, కాస్త అటూ ఇటూగానో మార్చాలి కాబట్టి అంటించిన తేదీని అద్దం మీద మార్కర్‌తో రాసి పెట్టుకోండి. నాచు పట్టకుండా లైటు నేరుగా పడని మూల చూసి అంటించండి.