ఈ-డిస్కవరీ లాయరుగా పన్నెండేళ్లు

ఎస్వీ యూనివర్సిటీలో లా అయ్యాక నేను నల్లకోటు వేసుకోలేదు. బెంగళూరు వెళ్లి, అమెరికా కేసుల కాగితాలు చదివిపెట్టే కంపెనీలో చేరాను. రెండు మానిటర్లు, రోజుకు నాలుగైదు వందల ఈమెయిళ్లు. ప్రతి మెయిలుకూ తేల్చాల్సినవి రెండు: ఇది కేసుకు సంబంధించిందా? వకీలుకూ కక్షిదారుకూ మధ్య రహస్యంగా ఉండాల్సిందా? తేల్చి టిక్కు పెట్టి తర్వాతది తెరవాలి. మూడేళ్లు అదే పని.

ఈ-డిస్కవరీ అంటే ఏమిటో అక్కడే తెలిసింది. అమెరికాలో విచారణకు ముందే ఇరుపక్షాలూ తమ దగ్గరున్న సంబంధిత పత్రాలను ఒకరికొకరు ఇచ్చుకోవాలి. ఈమెయిళ్లు, కంప్యూటర్ ఫైళ్లు కూడా అందులోకే వస్తాయని 2006లో వాళ్ల ఫెడరల్ నిబంధనల్లో స్పష్టంగా రాశారు. శిక్షణ మొదటిరోజే మాకు జుబులేక్ కేసు చెప్పారు. ఉద్యోగిని ఒక పెద్ద బ్యాంకు మీద వివక్ష దావా వేసింది. భద్రంగా ఉంచాల్సిన మెయిళ్లను బ్యాంకు ఉద్యోగులు చెరిపేశారు. ఆ సంగతిని జ్యూరీ బ్యాంకుకు వ్యతిరేకంగా తీసుకోవచ్చని జడ్జి చెప్పారు. 2005లో జ్యూరీ 2.9 కోట్ల డాలర్లకు పైగా ఇప్పించింది. గొడవ వస్తుందని తెలిసిన క్షణం నుంచి ఏదీ చెరపకూడదన్న పాఠం ఆరోజే నాలో నాటుకుంది.

ఆ మూడేళ్లను నేను తక్కువ చేసి మాట్లాడను. చదవడం అక్కడే నేర్చుకున్నాను. కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిన పెద్ద ఉత్తరంలో నిజం పెద్దగా దొరకదు. సాయంత్రం ఇంటికెళ్లే తొందరలో, సబ్జెక్టు కూడా పెట్టకుండా పక్క సీటాయనకు కొట్టిన రెండు లైన్ల మెయిల్లో దొరుకుతుంది.

2014లో తిరుపతికి తిరిగొచ్చి, బార్‌లో ఎన్‌రోల్ అయి, ఒక సీనియర్ గారి ఆఫీసులో చేరాను. ఇక్కడ పని పూర్తిగా తిరగబడింది. డిస్కవరీ మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఉంది, ఆర్డర్ 11లో. అయినా మామూలు దావాల్లో దాన్ని గట్టిగా వాడేవాళ్లు తక్కువ. అమెరికా కేసుల్లో లక్షల కాగితాల్లోంచి పనికొచ్చే ఒక్కటి వెతికేదాన్ని. ఇక్కడ కక్షిదారు దగ్గర ఉండేదే ఒక్క వాట్సాప్ మాట, ఒక్క కాల్ రికార్డింగ్. దాన్ని కోర్టు బల్ల మీదకు చేరేదాకా చెడకుండా కాపాడాలి. మన ఊళ్లలో ఈ వృత్తి అంతా ఆ కాపాడటంలోనే ఉంది.

అది నాకు ఎలా అర్థమైందో చెబుతాను. 2016లో చంద్రగిరి నుంచి ఒకావిడ వచ్చింది. ఆవు పాల మీద కూడబెట్టిన నాలుగున్నర లక్షలు బంధువుకు చేబదులిచ్చింది. ప్రోనోటు లేదు. ఫోన్లో మాత్రం అతను "ఇస్తాను వదినా, పంట రానీ" అన్న రికార్డింగ్ ఉంది. సెల్ షాపులో సీడీ మీదకు ఎక్కించి తెచ్చింది. నేను సంబరపడి దాఖలు చేశాను. సీడీని కోర్టు సాక్ష్యంగా నంబరు వేసి తీసుకోవాల్సిన మార్కింగ్ రోజు అవతలి లాయరు లేచి, "65బీ సర్టిఫికెట్ ఏదండీ?" అన్నారు. ఎలక్ట్రానిక్ నకలును ఏ పరికరంలోంచి, ఎలా తీశారో చెబుతూ ఎవిడెన్స్ యాక్ట్ అడిగే ధ్రువపత్రం అది. సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులోనే అన్వర్ కేసులో చెప్పింది: నకలు తెస్తే సర్టిఫికెట్ తప్పనిసరి. పోనీ అసలు ఫోనే తెద్దామని వరండాలోకి వచ్చి ఆవిణ్ణి అడిగాను.

"ఎక్స్చేంజిలో ఇచ్చేసినా మేడం. సీడీ ఉండాది కదా?"

ఎక్కించిన షాపు కుర్రాడు అప్పటికే చెన్నై వెళ్లిపోయాడు. సీడీని మార్క్ చేయలేదు. దావా పోయింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి నా ఆఫీసులో మొదటి ప్రశ్న "ఏం జరిగింది?" కాదు, "ఆ ఫోను ఇప్పుడెక్కడుంది?"

చట్టం ఆ తర్వాతా కదులుతూనే ఉంది. 2018లో సర్టిఫికెట్ విషయంలో కొంత సడలింపు వచ్చింది. 2020 జులైలో అర్జున్ పండిత్‌రావు కేసులో ముగ్గురు జడ్జీలు మళ్లీ గట్టిగా బిగించారు. అసలు పరికరాన్నే దాని యజమాని బోనులోకి తెచ్చి రుజువు చేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదనీ అందులోనే చెప్పారు. 2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకొచ్చింది. ఇప్పుడు 65బీ బదులు సెక్షన్ 63. సర్టిఫికెట్‌లో రెండు భాగాలు: మొదటిది పార్టీ నింపాలి, రెండోది నిపుణుడు. రెండింట్లోనూ హ్యాష్ విలువ రాయాలి.

హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర. ఒక గంట వీడియో అయినా, ఒక పేజీ లేఖ అయినా ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో 64 అక్షరాలే వస్తాయి. లోపల ఒక్క చుక్క మారినా మొత్తం మారిపోతుంది. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, విండోస్‌లోనే సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఉంది. నేను కక్షిదారును పక్కన కూర్చోబెట్టుకునే ఫైలు కాపీ చేస్తాను, హ్యాష్ తీస్తాను, చివరి ఎనిమిది అక్షరాలు పైకి చదివి ఆయన చేతే నోటుబుక్కులో రాయిస్తాను. ఏళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడినప్పుడు ఆయనకు గుర్తుండేది ఆ రాయడమే.

ఈ పని ఇచ్చిన పెద్ద సంతృప్తి చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీ కేసు. తోతాపురి గుజ్జు డ్రమ్ములు తీసుకున్న వ్యాపారి, బ్రిక్స్, అంటే గుజ్జులో తీపి కొలత, తక్కువుందని డబ్బు ఆపేశాడు. ఒప్పందం ప్రకారం అభ్యంతరం సెప్టెంబరు 14 లోపు చెప్పాలి. వాళ్లు దాఖలు చేసిన ప్రింటులో మెయిల్ టైము 14వ తేదీ రాత్రి 8.50. మా ఫ్యాక్టరీ ఆయన తన ఫోన్ చూపించి, "నా దాంట్లో 15 అని ఉండాది మేడం. ఎవురిది తప్పు?" అన్నారు. ఎవరిదీ తప్పు కాదు. మెయిల్ ఎప్పుడు, ఏ దారిన వచ్చిందో చూపే హెడర్ తెరిచి చూస్తే టైము పక్కన నాలుగు సున్నాలు: అది గ్రీనిచ్ లెక్క. మనకు అయిదున్నర గంటలు కలపాలి. కలిపితే 15వ తేదీ తెల్లవారుజాము 2.20. గడువు దాటిపోయింది. పూర్తి హెడర్‌ను సర్టిఫికెట్‌తో వేశాక, రెండో వాయిదాకే అవతలివైపు నుంచి రాజీ మాట వచ్చింది.

సీసీ కెమెరాలదీ ఇదే తంతు. లాడ్జీల్లో కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పెట్టె, డీవీఆర్, దాని గడియారాన్ని సరిచేసేవాళ్లే ఉండరు. ఒకచోట 17 నిమిషాలు ముందుంది. కాపీ తీసేటప్పుడే డీవీఆర్ టైమూ ఫోన్ టైమూ ఒకే ఫోటోలో వచ్చేలా తీసుకోవాలి. నెల తిరక్కముందే పాత రికార్డు మీద కొత్తది ఎక్కేస్తుంది కాబట్టి నోటీసు ఆ వారమే వెళ్లాలి. డీవీఆర్ కంపెనీ సొంత ఫార్మాట్‌లో ఉన్న వీడియో కోర్టు కంప్యూటర్లో తెరుచుకోక వాయిదా పడిన రోజులున్నాయి. ఇప్పుడు దాన్ని ఆడించే ప్లేయర్ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి తీసుకెళ్తాను.

డబ్బు సంగతి దాచను. నా రాబడిలో ఈ పని వాటా మూడో వంతు లోపే. మిగతాదంతా చెక్ బౌన్సులు, భాగపంపకాలు, కుటుంబ కేసులు. తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో దీని మీదే బతకాలనుకుంటే ఇప్పటికి కష్టం. బెంగళూరులో నేను చేసినలాంటి టిక్కుల ఉద్యోగం కూడా మునుపటిలా లేదు. కాగితాలను యంత్రం చేత వడపోయించడాన్ని న్యూయార్క్‌లో జడ్జి 2012లోనే ఆమోదించారు. కొత్తగా వచ్చే పిల్లలు ఆ ఉద్యోగం చూసుకుని ఈ దారి పట్టొద్దు. సాక్షిని క్రాస్ చేయడం, దావా రాయడం ముందు రావాలి. హెడర్ చదవడం ఆరు నెలల్లో వస్తుంది.

నాకు ఇంకా బాధ కలిగించేది ఆలస్యంగా వచ్చేవాళ్లు. మాయమయ్యే మెసేజీలు ఆన్‌లో పెట్టుకుని, ఫోన్ ఫార్మాట్ చేయించి, ఆ తర్వాత స్క్రీన్‌షాట్ పట్టుకొస్తారు. పోయిన నెల పుత్తూరు నుంచి ఒక మగ్గాల ఆయన మాత్రం పగిలిన గాజుతో పాత ఫోన్‌ను గుడ్డలో చుట్టి తెచ్చారు. "ఆన్ కూడా చెయ్యలేదు మేడం, మీరు చెప్పినారని మా తమ్ముడు అన్నాడు." ఆ తమ్ముడు నా పాత కక్షిదారు. ఫోన్‌ను కవర్లో పెట్టి, తేదీ, టైము రాసి, ఇద్దరం సంతకం చేశాం.