రెండు బాల్‌పార్కులు, ఒక గుడి, మామయ్యగారి ఎదుట ఒక బీరు

అత్తమామల్ని, పిల్లల్ని వెంటేసుకుని బేస్‌బాల్ చూడాలనే వింత కోరిక మీకెప్పుడైనా పుడితే షికాగో కన్నా మిల్వాకీ మేలు. ఈ మాట మావాడి ముందు మాత్రం అనకండి. పిల్లల బేస్‌బాల్ లిటిల్ లీగ్‌లో సెకండ్ బేస్ ఆడతాడు. షికాగో బాల్‌పార్కు రిగ్లీ ఫీల్డ్‌ని ఎవరైనా ఒక్క మాటంటే అలిగి అన్నం మానేస్తాడు. పిజ్జా మానడు, అన్నమే మానేస్తాడు.

మేముండేది డల్లాస్ దగ్గర. జూలైలో అక్కడ కారు స్టీరింగ్ పట్టుకోవాలన్నా గుడ్డ కావాలి. అందుకని ఉత్తరాదికి పోదామన్నాను. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారికి ఆరోరా బాలాజీ గుడి, మామయ్యగారికి వివేకానందుడు మాట్లాడిన చోటు, మా ఆవిడకి సరస్సు, అమ్మాయికి వాటర్ పార్కు, మావాడికి రెండు బాల్‌పార్కులు. ప్లాన్ అంతా చూసి మా ఆవిడ, "అందరికీ ఏదో ఒకటి ఉంది, ఇందులో మీకేముంది?" అని అనుమానంగా అడిగింది. "మీ సంతోషమే నా సంతోషం" అన్నాను. మిల్వాకీ ఊరంతా బీరు మీద లేచిందనీ, అక్కడి జట్టు బ్రూయర్స్ పేరు కూడా ఆ బీరు కాచేవాళ్ళదేననీ అప్పటికి ఎవరికీ తెలియాల్సిన అవసరం కనబడలేదు.

షికాగోలో డౌన్‌టౌన్ హోటల్లో దిగాం. పేరెందుకు లెండి. రాత్రికి కారు పార్కింగ్‌కి వాళ్ళు వేసిన బిల్లు చూసి, కారుకి కూడా మంచం, దుప్పటి ఇస్తున్నారేమో అనుకున్నాను. గదిలో మైక్రోవేవ్ లేదు. అడిగితే వస్తుందన్నారు, మేం ఖాళీ చేసే దాకా వస్తూనే ఉంది. కిటికీలోంచి నది కనబడుతుందన్నది నిజమే, మా అమ్మాయి మంచమెక్కి, మెడ వంచి, ఒంటికాలి మీద నిలబడితే కనబడింది. పెద్దవాళ్ళతో వెళ్తే నేపర్‌విల్, ఆరోరా వైపు వంటగది ఉన్న చోట దిగడం సుఖం. అక్కడి నుంచి యూనియన్ స్టేషన్ దాకా మెట్రా రైలు నేరుగా వస్తుంది. పొద్దున్నే పెరుగన్నం తినందే ఇల్లు కదలని మనుషులు వెంట ఉన్నప్పుడు నది కనబడే కిటికీ కన్నా రైస్ కుక్కర్ పెట్టుకునే బల్ల ముఖ్యం.

1893లో సర్వమత సభ జరిగిన భవనమే ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. దాని ముందున్న మిషిగన్ అవెన్యూ ముక్కకి వివేకానంద పేరు కూడా పెట్టారు. మామయ్యగారు ఆ వీధి బోర్డు కింద చెప్పులు విప్పి నిలబడ్డారు. పక్కన ఒకాయన హాట్‌డాగ్ తింటూ అయోమయంగా చూసి, ఎందుకైనా మంచిదని తన టోపీ కూడా తీశాడు. ఫోటోలో ఆయన కూడా పడ్డాడు.

ఇక రిగ్లీ. కారు తీసుకెళ్ళకండి. అది ఇళ్ళ మధ్యన ఉన్న మైదానం, చుట్టూ పార్కింగ్ ఉండదు. రెడ్ లైన్ రైలెక్కి ఆడిసన్ స్టేషన్లో దిగితే ఎదురుగా కనబడుతుంది. 1914లో కట్టింది. మేజర్ లీగ్ జట్లు ఇప్పుడు ఆడే మైదానాల్లో ఇంతకన్నా పాతది బోస్టన్‌లో ఫెన్‌వే పార్క్ ఒక్కటే, అది 1912 నాటిది. రిగ్లీలో ఫ్లడ్‌లైట్లు వెలిగింది 1988 ఆగస్టు 8న, అంటే 8-8-88. ముహూర్తం చూసి పెట్టుకున్నారు కాబోలు, ఆ రాత్రే వాన పడి ఆట ఆగిపోయింది. ఇప్పటికీ అక్కడ పగటి మ్యాచ్‌లు ఎక్కువే. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు పగటి ఆటే చూడండి. టికెట్ కొనేటప్పుడు ఇంకో సంగతి: పాత కట్టడం కాబట్టి పైకప్పుని మోసే స్తంభాలున్నాయి. చవగ్గా దొరికిన సీటు ముందు స్తంభముందేమో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

అక్కడ నాకు బాగా నచ్చింది స్కోర్ బోర్డు. 1937 నాటిది. లోపల మనుషులు కూర్చుని అంకెల పలకలు చేత్తో మారుస్తారు. మామయ్యగారికి నచ్చింది గోడ మీద తీగ. ఆయన నంద్యాల వైపు వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. తీగలోకి బంతి దూరి ఇరుక్కుంటే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తుతాడనీ, కొట్టినవాడికి రెండు బేసులే, అంటే పరుగులో సగం దారే ఇస్తారనీ మావాడు ఉత్సాహంగా వివరిస్తుంటే, ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఇది ద్రాక్ష కుటుంబం నాయనా" అన్నారు. నేను ఫోన్లో చూశాను. నిజమే, బోస్టన్ ఐవీ ద్రాక్ష కుటుంబమే. ఆ క్షణం నుంచి మావాడు తాతయ్యని మనిషిగా గుర్తించడం మొదలుపెట్టాడు.

తర్వాత స్కోర్‌కార్డు కొనిచ్చాం, దాంతో పాటు పెన్సిలు. బేస్‌బాల్‌లో ప్రతి బంతికీ కాకపోయినా ప్రతి బ్యాటర్‌కీ ఒక లెక్క రాస్తారు. బంతి విసిరే పిచ్చర్ 1, బ్యాటర్ వెనక పట్టుకునే క్యాచర్ 2, అలా ఫీల్డర్లందరికీ అంకెలు. రెండో, మూడో బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌కి, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కి బంతి పోయి ఇద్దరు ఔటయ్యే డబుల్ ప్లే 6-4-3. మూడు స్ట్రైకులతో ఔటయ్యే స్ట్రైకౌట్‌కి కె. బ్యాటు ఊపకుండా నిలబడి ఔటైతే తిరగేసిన కె. మామయ్యగారు రెండో ఇన్నింగ్స్‌కల్లా పట్టుకున్నారు. ట్రెజరీకి పంపే బిల్లు రాస్తున్నట్టు కొట్టివేతల్లేకుండా రాసి, మూడో ఇన్నింగ్స్ తప్పు చెప్పిన మావాడిని, "రికార్డు చూసి మాట్లాడు" అని మందలించారు. బేస్‌బాల్ నెమ్మదిగా సాగుతుందని తిట్టేవాళ్ళకి నా జవాబు ఇదే. తాతా మనవళ్ళు మధ్యమధ్యలో పోట్లాడుకోవడానికి తీరిక ఉండాలి కదా. 2023లో పిచ్ క్లాక్ పెట్టారు. బేసులు ఖాళీగా ఉంటే పిచ్చర్ 15 సెకన్లలో విసరాలి. మూడు గంటలు దాటే ఆట రెండు గంటల నలభై నిమిషాలకి దిగింది. మా ఆవిడ ఈ సంస్కరణకి జేజేలు పలికింది. నాకు మాత్రం ఆ ఇరవై నిమిషాలు ఎవరో నా బీరులోంచి తీసుకున్నారనిపించింది.

బీరంటే గుర్తొచ్చింది. మెట్ల మీద ఒకబ్బాయి నెత్తిన డబ్బా పెట్టుకుని అరుస్తూ తిరుగుతున్నాడు. మామయ్యగారు నా పక్క సీటే. "ఏమమ్ముతున్నాడు నాయనా అంతసేపటి నుంచి?" అన్నారు. నా నోట్లోంచి "మజ్జిగ" అని వచ్చింది. "ఎండగా ఉంది, అయితే నాకూ ఒకటి చెప్పు" అన్నారు. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "తాతయ్యా, దట్ ఈజ్ బీర్" అంది. కన్నబిడ్డ. ఆయన ఏమీ అనలేదు. స్కోర్‌కార్డులో ఏదో రాసుకున్నారు. నాకు తిరగేసిన కె అయ్యుంటుంది.

అత్తయ్యగారికి ఆట కన్నా కథ నచ్చింది. రిగ్లీ సొంత జట్టు షికాగో కబ్స్ 1908లో వరల్డ్ సిరీస్, అంటే ఏడాది చివరి ఫైనల్, గెలిచాక మళ్ళీ గెలిచింది 2016లో. 1945 సిరీస్‌కి ఒక సారా కొట్టు యజమాని తన మేకతో వస్తే, మేకని బయటికి పంపారట. అతను శపించాడట. "నోరులేని జీవాన్ని గెంటేస్తే ఉసురు తగలదూ" అన్నారావిడ. ఎన్నేళ్ళు గెలవలేదో లెక్కేసి మావాడు నూట ఎనిమిది అనగానే చెయ్యెత్తి దణ్ణం పెట్టారు. "అష్టోత్తరం పూర్తయ్యాక వదిలిందన్నమాట." బేస్‌బాల్ బంతి మీద జంట కుట్లు కూడా 108 అని మావాడు చెప్పడంతో ఆవిడ దృష్టిలో ఆ ఆట హోదా పెరిగిపోయింది.

ఆరోరా గుడి గురించి ఎక్కువ రాయను, చూడనివాళ్ళు తక్కువ. 1986లో ప్రతిష్ఠ జరిగింది. షికాగో నుంచి గంట దారి. దర్శనం ప్రశాంతంగా అయింది, క్యాంటీన్ దగ్గర మాత్రం అంత ప్రశాంతత లేదు. పులిహోర పొట్లాలు మిల్వాకీకి సరిపడా కట్టించుకున్నాం.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ షికాగోకి 90 మైళ్ళు. కారు లేనివాళ్ళకి హయావాతా రైలుంది, గంటన్నర. మేం వ్యాన్‌లో వెళ్ళి, ఊరికి కాస్త దూరంలో ఒక పాత ఇల్లు అద్దెకి తీసుకున్నాం. వంటగది పెద్దది, పెరడు పెద్దది, ధర షికాగో హోటల్లో సగం. ఒకటే చిక్కు, అత్తయ్యగారు తాలింపు వేయగానే పొగ అలారం మోగేది. తాలింపు వేసేముందు అందరం తువ్వాళ్ళు పట్టుకుని స్థానాల్లో నిలబడేవాళ్ళం. ఇంటివాళ్ళు పెట్టిన పెద్ద నియమాల పట్టికలో ఆవాల ప్రస్తావన లేదు.

బ్రూయర్స్ మైదానం అమెరికన్ ఫ్యామిలీ ఫీల్డ్ 2001లో తెరిచారు. 2021 దాకా దాని పేరు మిల్లర్ పార్క్. పైకప్పు విసనకర్రలా ముడుచుకుంటుంది, పది నిమిషాల్లో తెరుస్తారు, మూస్తారు. వాన భయం లేదు, పెద్దవాళ్ళకి ఎండ బాధ లేదు. అసలు మజా పార్కింగ్ లాట్‌లో. ఆట మొదలవడానికి చాలా ముందే వచ్చి, కారు వెనక పొయ్యి వెలిగించి, కుర్చీలు వేసుకుని వండుకు తింటారు. టెయిల్‌గేటింగ్ అంటారు. మనవాళ్ళకి ఇంకెవరూ నేర్పక్కర్లేదు. మేం మొక్కజొన్న పొత్తులు కాల్చి, నిమ్మకాయ, ఉప్పు, కారం రాశాం. పక్క కారు దంపతులు వాసనకి వచ్చారు. వాళ్ళకి రెండు పొత్తులు, పులిహోర. మాకు వాళ్ళిచ్చింది రెండు బ్రాట్‌వర్స్ట్ సాసేజ్‌లు, నాకొక బీరు. మామయ్యగారు అటు తిరిగి కూర్చున్నారు. ఆ తిరగడంలో అనుమతి ఉందా, అసంతృప్తి ఉందా అని తేల్చుకునేలోపు బీరు వేడెక్కిపోయింది.

ఆరో ఇన్నింగ్స్‌లో సాసేజ్‌ల పరుగుపందెం. మనిషి కన్నా ఎత్తైన వేషాల్లో ఐదుగురు పరిగెడతారు: బ్రాట్‌వర్స్ట్, పోలిష్, ఇటాలియన్, హాట్‌డాగ్, చోరిజో. శుద్ధ శాకాహారి అయిన అత్తయ్యగారు వంటవాడి టోపీ పెట్టుకున్న ఇటాలియన్‌ని ఎంచుకుని, "పరిగెత్తు నాయనా, పరిగెత్తు!" అని లేచి నిలబడ్డారు. అతను ఎవరో, దేంతో చేస్తారో చెప్పద్దని పిల్లలకి సైగ చేశాను. బ్రూయర్స్ ఆటగాడు హోమ్‌రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కొడితే బెర్నీ బ్రూయర్ అనే మీసాలాయన పైనుంచి జారుడుబల్ల మీద జారతాడు. పాత స్టేడియంలో ఆయన తన చిన్న ఇంట్లోంచి ఏకంగా పెద్ద బీరు మగ్గులోకి దూకేవాడు. ఇప్పుడు మగ్గు లేదు. నాగరికత ముందుకెళ్తోందంటారు.

ఆయన పాత ఇల్లు ఇప్పుడు లేక్‌ఫ్రంట్ అనే బీరు కాచే బ్రూవరీలో ఉంది. "మావాడికి బేస్‌బాల్ చరిత్ర చూపించాలి" అని మా ఆవిడతో అన్నాను. ఆవిడ నవ్విన నవ్వు ఇక్కడ రాయలేను. మిల్లర్ కంపెనీ టూరు కూడా ఉంది. 1855 నాటి కంపెనీ, బీరు చల్లగా దాచిన పాత గుహలు చూపిస్తారు. కానీ మాకు లేక్‌ఫ్రంట్ బాగుంది. చిన్నది, నది ఒడ్డున ఉంది, గైడు నవ్విస్తాడు, టికెట్లోనే బీరు ఉంటుంది. పిల్లలకి సోడా ఇచ్చారు. విస్కాన్సిన్‌లో తల్లిదండ్రులు పక్కనుంటే మైనర్లు కూడా తాగొచ్చని చట్టమట. గైడు ఆ మాట అన్నప్పటి నుంచి మా ఆవిడ బయటికొచ్చే దాకా ఇద్దరి చేతులూ వదల్లేదు.

నేను వణికింది మామయ్యగారి గురించి. ఆయన గంభీరంగా వచ్చి ముందు వరసలో నిలబడ్డారు. బార్లీ ఎలా మొలకెత్తిస్తారు, ఎంత తేమ దగ్గర ఆపుతారు అని గైడుని అడగడం మొదలుపెట్టారు. ఇంతలో అతను న్యూ గ్రిస్ట్ అని ఒక సీసా చూపించి, దీంట్లో గోధుమ, బార్లీ లేవు, సోర్గమ్, బియ్యం వాడతామన్నాడు. "సోర్గమ్ అంటే జొన్నే కదా నాయనా!" అన్నారు మామయ్యగారు. ముఖం వెలిగిపోయింది. ఏ రకం, ఎకరానికెంత దిగుబడి, రైతుకెంత గిడుతుంది? గైడు జోకులు మానేసి తల గోక్కున్నాడు. ఆయన చుక్క కూడా ముట్టలేదు. సీసా మీద రాసింది మాత్రం అంతా చదివారు. చదివి నా వైపు జరిపి, "ఆ మజ్జిగేదో తాగు, జొన్నదేగా" అన్నారు.

రుచి మాట అడిగితే, తేలిగ్గా ఉంది, చివర్లో కాస్త పులుపు. నేను తాగిన వాటిలో గొప్పదేం కాదు. ప్రశాంతంగా తాగింది మాత్రం అదొక్కటే.

సాయంత్రం కాప్స్ అనే కొట్టులో ఐస్‌క్రీం లాంటి ఫ్రోజెన్ కస్టర్డ్. వెళ్ళి తీరాలి. అందులో గుడ్డు పచ్చసొన ఉంటుంది, అది లేకపోతే చట్టప్రకారం దాన్ని కస్టర్డ్ అనకూడదు. శాకాహారులు ఉంటే ముందే చెప్పండి. అత్తయ్యగారికి విడిగా పళ్ళు కొన్నాం. మామయ్యగారు రెండోసారి తిన్నాక నేను గుడ్డు సంగతి చెప్పాను. "నంద్యాల దాకా చేరాల్సిన విషయం కాదు" అన్నారు.

విస్కాన్సిన్ డెల్స్ రెండు గంటల దారి. వాటర్ పార్కులు అమ్మాయి కోసం, ఆమె లెక్కలో ట్రిప్పంటే అదొక్కటే. మేం దిగిన రిసార్టులో, గది అద్దె మీద రిసార్టు ఫీజని ఇంకోటి వేశారు. దేనికని అడిగితే తువ్వాళ్ళు, వైఫై అన్నారు. వైఫై తడిసినట్టుంది, పనిచెయ్యలేదు. పెద్దవాళ్ళకి మాత్రం నదిలో అప్పర్ డెల్స్ పడవ ప్రయాణం తప్పకుండా పెట్టుకోండి. రెండు వైపులా ఇసుకరాతి కొండలు, చివర్లో స్టాండ్ రాక్ అనే రాతి స్తంభం. కొండ అంచు నుంచి ఆ స్తంభం మీదికి ఒక కుక్క దూకి, మళ్ళీ వెనక్కి దూకుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. అత్తయ్యగారు, "పాపం, రోజుకెన్నిసార్లో" అన్నారు.

1886లో అక్కడ దూకింది కుక్క కాదు. బెన్నెట్ అనే ఫోటోగ్రాఫరు, కదిలే మనిషిని కదలనట్టు పట్టుకోగలనని చూపించడానికి, తన కొడుకునే ఆ సందు మీద దూకించి ఫోటో తీశాడు. ఒకసారి కాదు, సరిగ్గా పడేదాకా. ఈ కథ చెబుతుండగా మా ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది. ఆ సమయానికి నేను ఫోన్ పట్టుకుని, "ఇంకొంచెం వెనక్కి జరుగు, ఇంకొంచెం" అని మావాడికి చెబుతున్నాను. వాడు జరగలేదు. "డాడీ, ఆ అబ్బాయికి డబ్బులిచ్చారా?" అన్నాడు.