తొమ్మిదేళ్లు వాడాక: లెన్సు మీద ఫిల్టర్ ఉండాలా, హుడ్ ఉండాలా?

పెళ్లిళ్లు తీయడం నా పని. రాజమండ్రి చుట్టుపక్కల, ఎక్కువగా కోనసీమ వైపు. తొమ్మిదేళ్లుగా తిండి పెడుతున్నవి రెండే లెన్సులు: కెనాన్ 24-105 ఎఫ్/4, 70-200 ఎఫ్/2.8 రెండో వెర్షన్. రెండింటికీ ముందు మర 77 ఎంఎంయే కాబట్టి ఒకే ఫిల్టర్ (ముందు బిగించే గాజు) రెండింటికీ పడుతుంది. హుడ్లు (లెన్సు మూతికి తొడిగే ప్లాస్టిక్ తొడుగులు) మాత్రం వేరు. మొదటిదానికి ఈడబ్ల్యూ-83హెచ్, రెండోదానికి ఈటీ-87. ఈ తొమ్మిదేళ్లలో ఒక ఫిల్టర్ పగిలింది, ఒక హుడ్ చిట్లింది, ఇంకో హుడ్ గోదావరి పాలైంది.

ముందు ఫిల్టర్ సంగతి. లెన్సు కొన్న రోజు షాపతను "ఇది లేకుండా బయటికి తియ్యొద్దన్నా" అంటూ నాలుగు వందల యూవీ (అతినీలలోహిత కిరణాలను ఆపే) ఫిల్టర్ బిగించి ఇచ్చాడు. ఫిల్మ్ రోజుల్లో దీనికో పని ఉండేది. కొండల మీదో సముద్రం దగ్గరో తీస్తే దూరంగా ఉన్నవి నీలంగా మసకబారేవి, దాన్ని తగ్గించేది. డిజిటల్ కెమెరాలో సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) ముందే ఆ పని చేసే గాజు ఉంటుంది. అంటే ఇప్పుడిది ఉత్త కాపలా గాజు. దానికి ఊరికే కాపలా కాయడం రాదని మూడో పెళ్లికే తెలిసింది.

రాత్రి ముహూర్తం. పందిరి పైఅంచున వరసగా బల్బులు. ఇంటికొచ్చి ఫోటోలు తెరిస్తే పెళ్లికూతురి చీర మీద పచ్చటి చుక్కలు! లెక్కపెట్టాను. పైన ఎన్ని బల్బులో కింద అన్ని చుక్కలు, ప్రతి బల్బుకీ ఫ్రేము నడిమధ్య నుంచి సరిగ్గా ఎదురుగా ఒకటి. వెలుగు సెన్సర్‌ని తాకి కొంత వెనక్కి వస్తుంది. ఫిల్టర్ బల్లపరుపు గాజు కాబట్టి అద్దంలా దాన్ని మళ్లీ లోపలికి కొడుతుంది. పూత లేని గాజైతే ఒక్కో ముఖం నుంచి దాదాపు 4 శాతం వెలుగు తిరిగొస్తుంది. మంచి మల్టీకోటెడ్ (పొరలు పొరలుగా పూత వేసిన) గాజులో అది 1 శాతం లోపే. ఆ చుక్కలు చెరపడానికి రెండు రాత్రులు పట్టింది. అయినా ఒకటి తప్పించుకుంది. పెళ్లికొడుకు నాన్నగారు ఆల్బమ్ మీద వేలు పెట్టి, "దిష్టిచుక్క నల్లగా ఉండాలి కదా బాబూ, ఇది పచ్చగా ఉందేంటి?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను, ఇంకేం చెప్పను!

తర్వాత హోయా మల్టీకోటెడ్ ఫిల్టర్ కొన్నాను. చుక్కలు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. అందుకే దీపాలు, సీరియల్ లైట్లు ఫ్రేములో ఉంటే ఫిల్టర్ తీసి జేబులో వేసుకుంటాను.

మరి దండగేనా అంటే, మంగళస్నానాల రోజు కాదు. ఇప్పుడు అందరూ హల్దీ అంటున్నారు లెండి. ఒకప్పుడు పెద్దవాళ్లు నెమ్మదిగా నలుగు పెట్టేవాళ్లు. ఇప్పుడు ఫ్రెండ్స్ బిందెలతో పసుపునీళ్లు కుమ్మరిస్తున్నారు. ఒకసారి నూనె కలిపిన పసుపు ముద్ద ఒకటి నేరుగా గాజు మధ్యలో పడి, జారకుండా అక్కడే అంటుకుంది. వ్యూఫైండర్లో అంతా పసుపే. ఫిల్టర్ విప్పి, పెరట్లో కుళాయి కింద అంట్ల సబ్బుతో కడిగి, బట్టతో తుడిచి మళ్లీ బిగించేసరికి రెండు నిమిషాలు. అదే ముద్ద లెన్సు మీద పడుంటే? తలచుకుంటేనే టెన్షన్. ఉప్పాడ బీచ్ రోడ్డులో ప్రీవెడ్డింగ్ తీసేటప్పుడూ అంతే. అలలు రోడ్డు మీదికే వచ్చి కొడతాయి. అరగంటకల్లా గాజు మీద ఉప్పు పొర. పొడిగా తుడిచామంటే గీతలే, ముందు మంచినీళ్లతో కడగాల్సిందే.

కింద పడితే ఫిల్టర్ కాపాడుతుందన్న మాట మాత్రం నేను నమ్మను. అమలాపురం దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో కెమెరా కుర్చీ మీంచి జారి మూతి నేలకు కొట్టుకుంది. ఆరోజు హుడ్ కారులో మర్చిపోయాను, ఫిల్టర్ మాత్రం ఉంది. గాజు ముక్కలైంది. వాటిలో ఒకటి ముందు గాజు మీద సన్నటి గీత పెట్టింది, రింగు సొట్టపోయి మరలో ఇరుక్కుంది. దాన్ని ఊడదీయించడానికి హైదరాబాద్ దాకా వెళ్లాల్సి వచ్చింది. విచిత్రమేంటంటే ఆ గీత ఇంతవరకూ ఏ ఫోటోలోనూ కనబడలేదు. రెండేళ్ల తర్వాత 70-200 అలాగే మెట్ల మీద పడింది, ఈసారి హుడ్‌తో. హుడ్ అంచు చిట్లింది, లెన్సుకి ఏమీ కాలేదు. ప్లాస్టిక్ కాస్త వంగుతుంది కాబట్టి దెబ్బ అదే తీసుకుంటుంది.

(సొట్టపోకుండా ఉత్తినే బిగుసుకున్న ఫిల్టర్ కోసం ప్లయర్లు పట్టకండి. వేళ్లతో గట్టిగా నొక్కినకొద్దీ రింగు వంకరపోయి ఇంకా బిగుస్తుంది. హవాయి చెప్పు అడుగుకి ఆనించి, చుట్టూ సమంగా ఒత్తుతూ తిప్పితే వస్తుంది.)

హుడ్ అసలు పని పక్కల నుంచి వచ్చే వెలుగును ఆపడం. వీడియోవాళ్ల ఎల్‌ఈడీ లైటు ఎప్పుడూ నాకు ఏటవాలుగానే ఉంటుంది. హుడ్ తీస్తే నలుపు బూడిదరంగుకి దిగిపోతుంది, పెడితే పట్టు రంగు నిలబడుతుంది. జనంలో ఎవరి మోచెయ్యో తగిలినా, పిల్లలు వేలు పెట్టబోయినా మొదట తగిలేది హుడ్డే. ఇబ్బందులూ ఉన్నాయి. 24-105ది పూరేకుల ఆకారపు హుడ్, క్లిక్‌మనేదాకా తిప్పకపోతే వైడ్‌లో (ఎక్కువ వెడల్పు పట్టేలా తీసినప్పుడు) ఫోటో మూలలు నల్లబడతాయి. పాత బాడీలో పాపప్ ఫ్లాష్ కొడితే ఫోటో అడుగున అర్ధచంద్రంలా హుడ్ నీడ పడేది. ట్రైపాడ్ మీద గాలికి తెరచాపలా ఊగుతుంది. ఇక హుడ్‌ని తిరగేసి అలాగే పెట్టుకుని ఫోటోలు తీసేవాళ్లను చూస్తే నాకు చెయ్యి దురద. అది బ్యాగులో సర్దుకోవడానికి స్వామీ!

గోదావరి పాలైంది ఈడబ్ల్యూ-83హెచ్. పాపికొండల బోటులో వంగి తీస్తుంటే వదులై ఊడిపోయింది. దాని బదులు తక్కువ ధరకు డూప్లికేట్ కొన్నాను, మొదటి నెలనుంచే లొడలొడ. లోపల ఒక వరస నల్లటేపు అంటించి వాడుతున్నాను. చిట్లిన ఈటీ-87కీ అదే టేపు. మొన్న ఒక పెళ్లిలో అసిస్టెంట్ కుర్రాడు అది చూసి, "కొత్తది కొనొచ్చు కదన్నా" అన్నాడు. ఇంకోసారి పడ్డాక చూద్దామన్నాను.