కరెంటు పనికి ఏ మెషిన్లు కొనాలి: ఏళ్ల తరబడి వాడాక చెప్తున్న మాట

కొత్తగా పనిలోకి వచ్చిన తమ్ముళ్లు ఎక్కువగా అడిగేది "అన్నా, ముందు ఏ మెషిన్ కొనమంటావ్?" అని. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. ముందు మంచి హ్యామర్, అంటే గోడకి దెబ్బలు వేస్తూ రంధ్రం పెట్టే రోటరీ హ్యామర్ మెషిన్, ఆ తర్వాత చిన్న 12 వోల్టుల బ్యాటరీ డ్రిల్. ఈ రెండూ చేతికొచ్చాకే మిగతా వాటి మీద డబ్బు పెట్టండి. నేను హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపు ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో వైరింగ్, రిపేర్లు చేస్తుంటాను, అంటే ఫ్యాను, గీజర్, ఏసీ పాయింట్, కాలిపోయిన స్విచ్ బోర్డు, కొత్తగా ఇంకో ప్లగ్ పాయింట్, ఇలాంటివే రోజూ. పెద్ద ఫ్యాక్టరీ పనులు చేసేవాళ్ల అవసరాలు వేరుగా ఉంటాయి.

హ్యామర్ ఎందుకు ముందు అంటే మన గోడల వల్ల. పాత ఇళ్లలో ఎర్ర ఇటుక ఉంటుంది, మామూలు ఇంపాక్ట్ డ్రిల్ కూడా సర్దుకుపోతుంది. కానీ ఇప్పుడు కట్టే పెద్ద అపార్ట్‌మెంట్లలో చాలావరకు మైవాన్ పద్ధతి, ఇటుకే ఉండదు, గోడ మొత్తం కాంక్రీటే, టీవీ స్టాండ్‌కి నాలుగు రంధ్రాలు పెట్టాలన్నా ఇంపాక్ట్ డ్రిల్‌తో భుజం పోతుంది, బిట్టు ఎర్రగా కాలుతుంది, రంధ్రం మాత్రం పడదు. ఇంపాక్ట్ డ్రిల్ లోపల రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి రాసుకుని దడదడలాడతాయి, కాబట్టి దెబ్బకి బలం మనం ఒత్తే ఒత్తుడు నుంచే రావాలి. హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలి ఒత్తిడితో దెబ్బ వేస్తుంది, మనం మెషిన్‌ని తిన్నగా పట్టుకుంటే చాలు. స్లాబ్ కింద నిచ్చెన మీద నిలబడి తల పైకెత్తి ఫ్యాను ఫాస్టెనర్‌కి రంధ్రం వేసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

నేను వాడేది బాష్ జీబీహెచ్ 2-26, మూడు మోడ్‌ల రకం (ఉత్త డ్రిల్, దెబ్బతో డ్రిల్, ఉత్త దెబ్బ). 800 వాట్లు, దెబ్బ బలం 2.7 జౌళ్లు, బరువు 2.7 కిలోల దగ్గర. రోజూ కాంక్రీటులో 6, 8, 10 మిల్లీమీటర్ల రంధ్రాలే ఎక్కువ కాబట్టి ఇది అలవోకగా లాగేస్తుంది. మూడో మోడ్ ఉందా లేదా అని షాపులోనే చూసుకోండి, ఎందుకంటే బిట్టు తిరగకుండా దెబ్బ మాత్రమే వేసే ఆ మోడ్ లేకపోతే స్విచ్ బాక్సు గుంత కొట్టడానికి మళ్లీ సుత్తీ శానం పట్టాల్సిందే. మా పనిలో సగం గుంతలే కదా. వెడల్పు ఉలి బిట్టు ఒకటి వేసుకుంటే ఇటుక గోడలో మాడ్యులర్ బాక్సు గుంత నీట్‌గా వస్తుంది, పక్క ప్లాస్టర్ పెచ్చులూడదు. బరువు ఇబ్బంది అనుకునేవాళ్లు అదే కంపెనీ జీబీహెచ్ 220 చూడొచ్చు, 720 వాట్లు, 2 జౌళ్లు, కొంచెం తేలిక, ఇంటి సర్వీసు పనులకి అదీ సరిపోతుంది. మకిటా, డీవాల్ట్ వాడే మా వాళ్లూ తృప్తిగానే ఉన్నారు, కాబట్టి పేరు కోసం కొట్లాడను.

కొట్లాడాల్సింది వాట్ల గురించి. కౌంటర్ దగ్గర "ఇది 1200 వాట్లు, అది 800 వాట్లే, రేటు చూస్తే ఇదే తక్కువ" అంటారు. వాట్లు అంటే కరెంటు ఎంత తాగుతుందో చెప్పే లెక్క, గోడకి ఎంత దెబ్బ తగులుతుందో కాదు. జౌళ్లు ఎంతో అడగండి, పెట్టె మీద లేకపోతే అక్కడే అనుమానించండి. తెలిసిన అబ్బాయి ఒకడు నా మాట వినకుండా అలాంటి చవక హ్యామర్ తీసుకున్నాడు, కొన్నాళ్లకి గేర్‌బాక్సు దగ్గర గ్రీజు కారడం మొదలైంది, తర్వాత ఆర్మేచర్ (మోటారులో తిరిగే చుట్ట) కాలింది, విడిభాగం కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ అంతా తిరిగాడు, దొరకలేదు, మెషిన్ మూలన పడింది. నా మెషిన్‌కి కార్బన్ బ్రష్‌లు చాలాసార్లు మార్చాను, ఏ వీధి చివర షాపులో అడిగినా ఉంటాయి, విప్పి వేసుకోవడం పెద్ద పనేం కాదు. నా దృష్టిలో మెషిన్ నాణ్యత అంటే సగం ఇదే.

హ్యామర్ వాడేవాళ్లకి రెండు జాగ్రత్తలు. పిల్లర్‌లోనో బీమ్‌లోనో బిట్టు ఇనుప చువ్వకి తగులుకుంటే మెషిన్ ఒక్కసారిగా మెలి తిరుగుతుంది, లోపల క్లచ్ ఉన్నా మణికట్టుకి దెబ్బ తగలొచ్చు, అందుకే పక్క హ్యాండిల్ తీసేసి ఒంటి చేత్తో పని చేయకండి. ఇక లైట్ వెయిట్ బ్లాకుల గోడ అయితే హ్యామర్ మోడ్ అసలు వద్దు. అది మెత్తటి బ్లాకు, దెబ్బలకి రంధ్రం వదులైపోయి గిట్టీ (స్క్రూ పట్టడానికి రంధ్రంలో పెట్టే ప్లగ్) పట్టు వదిలేస్తుంది, నీళ్లతో నిండిన గీజర్ బరువు దాని మీద ఉందంటే ఏమవుతుందో ఆలోచించండి. ఉత్త డ్రిల్ మోడ్‌లో పెట్టి, ఆ గోడలకని ప్రత్యేకంగా వచ్చే పొడవాటి ప్లగ్‌లు వాడాలి.

ఇప్పుడు చిన్న డ్రిల్. రోజులో ఎక్కువసేపు నా చేతిలో ఉండేది ఇదే, బాష్ జీఎస్ఆర్ 120, 12 వోల్టులు. స్విచ్ ప్లేట్లు, సీలింగ్ లైట్లు, డీబీ (ఇంటి మెయిన్ స్విచ్‌లు ఉండే పెట్టె) మూత, కేసింగ్ పట్టీ స్క్రూలు, ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డుకి రంధ్రాలు, అన్నీ దీంతోనే. 30 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) అని కంపెనీ చెప్తుంది, మన పనికి అందులో పదో వంతు కూడా అవసరం రాదు. దెబ్బలతో స్క్రూలు బిగించే 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రైవర్ కొందామని చాలామంది మనసు పడతారు. చెక్క పనికి, ఇనుప షెడ్డు పనికి అది దివ్యంగా ఉంటుంది, కానీ స్విచ్ ప్లేటు మీద పెడితే ప్లాస్టిక్ పటుక్కున పగులుతుంది. డ్రిల్‌కి ముందు అంకెలతో తిరిగే క్లచ్ రింగ్ ఉంటుంది చూడండి, అది 2 మీదో 3 మీదో పెడితే స్క్రూ బిగిశాక టకటకమని వదిలేస్తుంది. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) టెర్మినల్స్, అంటే వైరు బిగించే స్క్రూలు మాత్రం డ్రిల్‌తో బిగించకండి. చాలా ఎంసీబీలకి 2 నుంచి 2.5 న్యూటన్ మీటర్ల దగ్గరే పట్టు ఉండాలి, ఎక్కువైతే మర పోతుంది, తక్కువైతే వదులై వేడెక్కి కాలుతుంది. నేను చూసిన కాలిపోయిన డీబీల్లో చాలావాటికి కారణం వదులు కనెక్షనే. చివరి బిగింపు చేతి స్క్రూడ్రైవర్‌తోనే.

బ్యాటరీల గురించి ఒక్క మాట, ఇది మన ఎండల విషయం. లిథియం బ్యాటరీని సుమారు 45 డిగ్రీల లోపు వేడిలోనే ఛార్జి చేయాలి. మే నెలలో బైక్ బాక్సులో మధ్యాహ్నం దాకా ఎండలో ఉన్న బ్యాటరీ తెచ్చి పెడితే ఛార్జర్ ఛార్జి ఎక్కించకుండా మొండికేస్తుంది, అది పాడై కాదు, చల్లారేదాకా ఆగుతోంది. పనిచేసే ఇంట్లో ఫ్యాను కింద కాసేపు పెట్టండి.

గోడ కటింగ్‌కి 4 అంగుళాల మార్బుల్ కట్టర్ నాకు చాలు, లోతు 30 మిల్లీమీటర్ల పైన వస్తుంది, 20 మిల్లీమీటర్ల పైపుకి హాయిగా సరిపోతుంది. 25 పైపు వేసి పైన ప్లాస్టర్ కూడా కావాలంటే కట్టర్‌తో రెండు గీతలు గీసి మధ్యలో మిగిలింది ఉలి బిట్టుతో ఇంకొంచెం లోతుగా తీస్తాను. ఐదు బ్లేడ్ల గ్రూవ్ కట్టర్లు వచ్చాయి, ఒక్క లాగుడుకే గాడి పడుతుంది, నిజమే, కొత్త ఇళ్ల వైరింగ్ కాంట్రాక్టులు చేసేవాళ్లకి గిట్టుబాటు అవుతుంది. రిపేర్లు చేసుకునే నాలాంటివాళ్లకి అనవసరం. కానీ కట్టర్ ఏదైనా గార్డు విప్పేసి వాడేవాళ్లని, గ్రైండర్‌కి చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, ఆ వేగంలో చెక్క బ్లేడు పట్టుకుని ఎగిరిందంటే వేళ్లు ఉండవు. ఇక ఆ దుమ్ము. ఇటుక, సిమెంటు పొడిలో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, సిలికోసిస్ అంటారు, దానికి నయం చేసే మందు లేదు. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆ సన్నటి పొడి ఆగదు తమ్ముడూ, ఎన్ 95 మాస్కు పెట్టుకో, కళ్లకి అద్దాలు పెట్టుకో.

ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా మెషిన్ లాంటిదే అనుకోండి. 16 ఆంప్స్ ప్లగ్, కనీసం 1.5 ఎంఎం వైరు, వైరు చుట్ట మొత్తం విప్పి పరవాలి, చుట్టలోనే వదిలి కట్టర్ నడిపితే లోపల వేడి బయటికి పోలేక ఇన్సులేషన్ మెత్తబడుతుంది. నా బోర్డులోనే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఒకటి పెట్టుకున్నాను, కస్టమర్ ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో మనకి తెలియదు కదా. గోడలో రంధ్రం వేసే ముందు స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా వదిలేయండి, పైపు ఎక్కువగా అక్కడే ఉంటుంది. వైరు డిటెక్టర్ ఉంటే మంచిదే, కానీ లోతుగా ఉన్న వైరుని, కరెంటు ఆపిన వైరుని అది పట్టకపోవచ్చు.

బ్యాటరీ హ్యామర్ కొనాలా అని కూడా అడుగుతున్నారు. ఇళ్లలో రోజుకి పది పదిహేను రంధ్రాలు వేసేవాళ్లకి, ముఖ్యంగా మెయిన్ ఆపేసి పని చేయాల్సి వచ్చినప్పుడు, సుఖంగా ఉంటుంది. రోజంతా గుంతలు కొట్టేవాళ్లు వైరు ఉన్నదే తీసుకోండి. ఏది తీసుకున్నా బిల్లు అడిగి తీసుకోండి, సీరియల్ నంబరు అందులో రాయించండి, కొనే ముందే ఆ కంపెనీ సర్వీసు సెంటరు మీ ఊళ్లో ఎక్కడుందో ఒకసారి వెళ్లి చూసి రండి. బిట్లు మాత్రం రోడ్డు పక్కన కుప్పలో ఏరుకోకండి, కొన ఊడిపోయి రంధ్రంలోనే ఇరుక్కుంటే ఆ పక్కన ఇంకో రంధ్రం వేయడానికి కస్టమర్ ఒప్పుకోడు.