బీఈడీ అయిపోయింది, ఇప్పుడు ఎటు? ఇంగ్లండా, గల్ఫా, మాల్దీవులా

మా పిన్ని కూతురు నాగార్జున యూనివర్సిటీ కింద ఎమ్మెస్సీ మ్యాథ్స్, ఆ తర్వాత బీఈడీ పూర్తి చేసింది. మొన్న ఆదివారం బ్రాడీపేటలో మా ఇంటికొచ్చి, ఫోన్‌లో సేవ్ చేసుకున్న ప్రకటనలన్నీ నా ముందు పెట్టి, "అక్కా, వీటిలో ఏదో ఒకటి చెప్పు, డీఎస్సీ రాయమని మాత్రం అనకు" అంది. నేను మస్కట్‌లో ఒక ఇండియన్ స్కూల్లో నాలుగేళ్లు పాఠాలు చెప్పి వచ్చాను కాబట్టి మా చుట్టాల్లో ఈ పంచాయితీలన్నీ నా దగ్గరికే వస్తాయి.

అందరూ ముందు జీతం చూస్తారు. కొత్తగా డిగ్రీ చేతికొచ్చినవాళ్లు చూడాల్సింది, అనుభవం లేకుండా ఎవరు లోపలికి రానిస్తారు అనేది.

జీతం లెక్కన ఇంగ్లండ్‌దే పైచేయి. 2024-25 విద్యా సంవత్సరంలోనే లండన్ బయట కొత్త టీచర్ కనీస జీతం ఏడాదికి 31,650 పౌండ్లు ఉండేది. పైగా 2023 ఫిబ్రవరి నుంచి మన బీఈడీ వాళ్లు కూడా అక్కడి టీచర్ అర్హతకు, అంటే క్యూటీఎస్‌కు, ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి ఫీజు లేదు, ఈ మాట ఎందుకంటే "ప్రాసెసింగ్" పేరుతో డబ్బులు అడిగేవాళ్లు ఉంటారు. కానీ ఇండియాలో చదివినవాళ్లకు ఆ దారి మ్యాథ్స్, సైన్స్, అక్కడి స్కూళ్లలో నేర్పే విదేశీ భాషలు, ఈ మూడింటికే, అదీ 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు చెప్పే అర్హత ఉంటేనే. సోషల్ వాళ్లు, ప్రైమరీ వాళ్లు ఆగిపోయేది ఇక్కడే. మ్యాథ్స్ కాబట్టి మా చెల్లి గీత దాటింది, కానీ వెంటనే ఇంకో గీత: శిక్షణ అయ్యాక కనీసం ఒక విద్యా సంవత్సరం స్కూల్లో పనిచేసి ఉండాలి. అది కూడా ఉన్నా, క్యూటీఎస్ రావడం వేరు, వీసా స్పాన్సర్ చేసే స్కూలు దొరకడం వేరు.

అమెరికా స్కూళ్లలో కొన్నేళ్లు పాఠాలు చెప్పడానికి ఇచ్చే జే-1 వీసా టీచర్ ప్రోగ్రామ్ అయితే రెండేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం లేనిదే మాట్లాడదు. 120 గంటల టెఫెల్ కోర్సు, అంటే విదేశీయులకు ఇంగ్లిష్ నేర్పే శిక్షణ, చేస్తే కొరియాలో ఇంగ్లిష్ టీచర్ అయిపోవచ్చన్న ప్రకటన కూడా దాని ఫోన్‌లో ఉంది. కొరియా ఆ వీసా ప్రధానంగా ఏడు ఇంగ్లిష్ దేశాల పాస్‌పోర్టులకే ఇస్తుంది, కోర్సు అమ్మేవాడు ఆ ముక్క చెప్పడు.

ఇక గల్ఫ్. అక్కడ సీబీఎస్‌ఈ స్కూళ్లు చాలా ఉన్నాయి, సిలబస్ మనదే, ఏప్రిల్‌లో మొదలవుతాయి, కాబట్టి ఇంటర్వ్యూల హడావిడి చలికాలంలోనే. బీఈడీ కావాలి, చాలా స్కూళ్లు రెండేళ్ల అనుభవం అడుగుతాయి, అయితే ఏడాది మధ్యలో ఎవరైనా మానేస్తే ఫ్రెషర్‌ని కూడా తీసుకుంటారు. మా చెల్లికి షార్జా నుంచి వచ్చిన ఆఫర్ అలాంటిదే: నెలకు 3,500 దిర్హామ్‌లు, ఇల్లు మనమే చూసుకోవాలి. పన్ను లేదు కదా అంది. పన్ను లేదు నిజమే, అద్దె ఉందిగా! ఇంకొకరితో గది పంచుకుని, స్కూల్ బస్సులోనే వెళ్లొస్తే చేతిలో ఏదో మిగులుతుంది. వసతి, ఏడాదికో టికెట్, మెడికల్ ఇన్సూరెన్స్ కాంట్రాక్టులో రాసి ఉంటే తక్కువ జీతమైనా అదే నయం. కాగితాల సంగతీ తెలుసుకోండి: ఒమన్‌కు అపోస్టిల్, అంటే ఒక అంతర్జాతీయ ఒప్పందం కింద సర్టిఫికెట్ల మీద మన విదేశాంగ శాఖ వేసే ముద్ర, సరిపోతుంది, యూఏఈ ఆ ఒప్పందంలో లేదు కాబట్టి రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఎంబసీ ముద్రలు, మళ్లీ అక్కడికి వెళ్లాక ఇంకో ముద్ర.

ఫ్రెషర్‌కి కాస్త సులువుగా తలుపు తీసేది మాల్దీవులు. అక్కడి స్కూళ్లలో మనవాళ్లు ఎప్పటినుంచో పనిచేస్తున్నారు, బోధన ఇంగ్లిష్‌లోనే. అయితే ఫోటోల్లో చూసే రిసార్టులు కావవి, అరగంటలో చుట్టి రాగలిగే దీవిలో ఉంటారు. జీతం రుఫియాల్లో వస్తుంది. డాలరుకు 15.42 అని అధికారిక రేటు ఉన్నా, అక్కడ డాలర్ల కొరత కాబట్టి ఇంటికి పంపడమే పెద్ద టెన్షన్, ఎంత పంపనిస్తారో ముందే అడగండి. ఇంకోటి, పూజకు విగ్రహాలు తీసుకెళ్లడం నిషేధం. పిన్ని అప్పటికే చిన్న వెండి లక్ష్మీదేవిని గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దేసిందట, అది చెప్పగానే ఆవిడ ముఖం మాడిపోయింది.

మరి నేనేమన్నానంటే, ముందు ఇక్కడే రెండేళ్లు చెయ్యమన్నాను. కానీ ఎక్కడ చేస్తున్నామో చూసుకోవాలి, నేను దెబ్బతిన్నది అక్కడే. చదువవగానే విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీలో చేరాను, నెలకు 22,000, అప్పట్లో గొప్పే. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. జీతం కవర్లో, అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, పొద్దున ఆరు నుంచి రాత్రి స్టడీ అవర్స్ దాకా డ్యూటీ. పద్దెనిమిది నెలల తర్వాత మానేస్తే ఒరిజినల్స్ కోసం మూడు నెలలు తిరిగాను, ఎక్స్‌పీరియన్స్ లెటర్ అయితే ఇవ్వనే లేదు. మస్కట్ వాళ్లు అడిగితే చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు, ఆ పద్దెనిమిది నెలలు గాల్లో కలిసిపోయాయి. తర్వాత గుంటూరులో ఓ చిన్న సీబీఎస్‌ఈ స్కూల్లో 14,000కి చేరి, నెలనెలా బ్యాంకులో జీతం పడేలా చూసుకుని, రెండేళ్లు చేశాను. నన్ను విమానం ఎక్కించింది ఆ 14,000 ఉద్యోగమే.

ఇప్పుడే వెళ్లాల్సిన అవసరం ఉంటే, ఇంట్లో అప్పులు అలా ఉంటే, మాల్దీవుల కంటే వసతి ఇచ్చే గల్ఫ్ స్కూలుకే నా ఓటు, తర్వాత ఏ స్కూలుకైనా చూపించుకోవడానికి సీబీఎస్‌ఈ అనుభవం మిగులుతుంది. ఏజెంట్ దగ్గరికెళ్తే మాత్రం కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో అతని లైసెన్సు చూడండి. నిబంధన ప్రకారం సర్వీస్ ఛార్జి 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400కి మించకూడదు. గవర్నర్‌పేటలో ఒకాయన మా చెల్లిని 1,80,000 అడిగాడు, అదీ రసీదు లేకుండా.

చివరికి షార్జాకి వద్దని రాసేసి, గుంటూరులోనే ఒక స్కూల్లో డెమో ఇచ్చి వచ్చింది. జీతం కంటే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ సంగతే అడిగిందట. ఇంకా కబురు రాలేదు. పిన్ని మాత్రం వాళ్లింట్లో డీఎస్సీ పుస్తకాలకు అట్టలు వేస్తోంది.